పొగకన్నం

మా కొండ గుహలో ఎవరూ ముక్కు మూసుకోకూడదు. ఆశ్చర్యం వేసి ముక్కున వేలేసుకోవాలన్నా బయటికి వచ్చే వేసుకోవాలి. దగ్గవచ్చు, తుమ్మవచ్చు, బావురుమని ఏడవవచ్చు, కానీ చెయ్యి ముక్కు దాకా పోకూడదు. 'కంపు' అన్న మాట పెదవి దాటకూడదు. ఎందుకంటే లోపలికి వెళ్ళగానే ఎడమ పక్కన మనిషంత ఎత్తున ఒక రాయి ఉంది. దానికి తల ఉంది, భుజాలున్నాయి, మోచెయ్యి మడిచి ముఖానికి ఆనించుకున్నట్టు ఒక వంపు ఉంది. దాన్ని ముక్కమ్మ అంటారు.

ముక్కమ్మ కథ చెప్పేదాన్ని నేనే. గుహ ముందు రాతి అరుగు ఉంది. అక్కడ కూర్చుని, వరసలో నిలబడ్డవాళ్ళకు కాళ్ళ నొప్పి తెలియకుండా చెబుతుంటాను. మా అత్తగారు నాకు చెప్పింది, ఆవిడకు వాళ్ళ అత్తగారు చెప్పింది. మాకు కాగితం కలం అంటని విద్య ఇది. నోరే పలక, నోరే బలపం.

ఒకప్పుడు వానల్లేక ఊరు ఎండిపోయిందట. పాలు తాగే బిడ్డను మట్టిలో కప్పెడితే మబ్బు కరుగుతుందని ఊరిపెద్ద అన్నాడట. పెద్దమనిషి మాట పెద్దమనిషికే ముద్దు. అప్పుడు ఊళ్ళో పసిబిడ్డ ఉన్నది ఒక్క బాలింతకే. ఆ తల్లి బిడ్డను ఒళ్ళో కట్టుకుని కొండెక్కి ఈ గుహలో దూరింది. లోపల గోడలు కనపడకుండా గబ్బిలాలు. వాటి రెట్టల కంపుకు వేటకుక్కలకు బిడ్డ వాసన అందలేదు. ఆ కంపే ఆమెకు కోటయింది. చలికి బిడ్డ నీలుక్కుపోతుంటే నాలుగు పుల్లలు అంటించింది. ఆ పొగ గుహ కప్పులో ఉన్న కన్నంలోంచి పైకి పాకి కొండ నెత్తిన తేలింది. వెతికేవాళ్ళు అది చూసి, కొండ ఊపిరి తీస్తోందిరా నాయనో అని బెదిరి వెనక్కి పరిగెత్తారు. ఆ కన్నాన్నే మేం పొగకన్నం అంటాం.

తిండి లేక ఆమెకు పాలు ఎండిపోయాయి. నుదురు రాతికి ఆనించి ఏడిస్తే రాతికే పాలు వచ్చాయి. చుక్క చుక్కగా కారి కింద గుంటలో నిండాయి. ఆ గుంటను ఉగ్గుగిన్నె అంటాం. ఆమెను వెతుక్కుంటూ మొదట వచ్చినవాడు ఆమె తోడబుట్టినవాడు. రాతిలోంచి వచ్చింది పాలో విషమో అని ముందు తను దోసిలి పట్టి తాగి, ఆ తరవాతే బిడ్డకు పట్టాడు. అందుకే ఇప్పటికీ, బిడ్డ బలంగా పెరగాలని దాని నాలుక మీద ఉగ్గుగిన్నె చుక్క వేసేముందు తల్లి పుట్టింటి మగవాడు దోసిలి తాగాలి. ఆఖరుకి ఊరిపెద్ద పెళ్ళాం వచ్చింది. గుమ్మంలోనే ముక్కు మూసుకుని, "ఛీ, ఇందులో మనుషులుంటారా?" అంది. "నా బిడ్డను దాచిన వాసన నీకు రోతయిందా? అయితే అలాగే ఉండిపో" అంది తల్లి. అదిగో, అలాగే ఉండిపోయింది.

కొందరు ముక్కమ్మ ఊరిపెద్ద పెళ్ళాం కాదు, తల్లి సొంత అక్క అంటారు. గొర్రెలు కాసేవాళ్ళ కథలో వేటకుక్కలే గబ్బిలాలయ్యాయి. ఎవరి కథ వాళ్ళకు ముద్దు. నేను ఎవరితోనూ పోట్లాడను. కానీ పొగకన్నం లేకుండా, దోసిలి లేకుండా, ముక్కు లేకుండా ఈ కథ ఎవరూ చెప్పరు.

ఉగ్గుగిన్నె నీళ్ళు ఎలా ఉండేవో నా నాలుకకు గుర్తే. సున్నపుతేటలా లేత తెలుపు. పళ్ళు జివ్వుమనేంత చల్లన. రాయి నాకినట్టు ఉండేది రుచి. నా కొడుకు తాగాడు, నా కూతురు తాగింది, కూతురి కూతురూ తాగింది. ఆ రోజులు వేరు.

నా కొడుకు కొండ మీద లాడ్జి కట్టాడు. దూరం నుంచి వచ్చినవాళ్ళు నడుం వాల్చాలి కదమ్మా అన్నాడు. మంచిదే అన్నాను. గది గదికీ స్నానాలగది, గోడకు తెల్ల పలకలు, గొలుసు లాగితే నీళ్ళు దూకే దొడ్డి. నన్ను చెయ్యి పట్టుకుని తిప్పి చూపించాడు. "ఇదెక్కడికి పోతుందిరా?" అని దొడ్డిలోకి వంగి అడిగితే, "కిందికి పోతుందమ్మా, ఇంకెక్కడికి పోతుంది!" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

లాడ్జి నిండుగా నడవడం మొదలయ్యాక గుహలో వాసన మారింది. గబ్బిలాల వాసన నాకు కొత్త కాదు. అది ఎండు ఘాటు. ముక్కును గీరుతుంది, బయటికి రాగానే వదిలేస్తుంది. ఇది తడి వాసన. నాలుక మీద కూర్చుంటుంది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్దలో కూడా అదే. వంటింటి తూము మూసుకుపోయి, పుల్లతో పొడిచినప్పుడు ఒక్కసారిగా పైకి తన్నే వాసన ఉంటుందే, దానికి అక్కలాంటిది.

గుహలో లాంతరు పట్టుకుని జనానికి దారి చూపించే ఆయన్ని అందరం లాంతరాయన అంటాం. ఒకరోజు ఆయన్ని పక్కకు పిలిచాను.

"ఏమయ్యా, లోపల ఏమిటా వాసన?"

"అదా పెద్దమ్మా! బాలింత వాసన. తల్లి మళ్ళీ నీళ్ళాడినట్టుంది" అన్నాడు, కళ్ళు అరమోడ్చి.

"బాలింత వాసన నాకు తెలియదటయ్యా? ఇద్దర్ని కన్నాను. ఇరుగుపొరుగు పురుళ్ళన్నిటికీ నీళ్ళు కాచాను. పాల వాసనా, చెమట వాసనా, ఉతికిన పాతగుడ్డ వాసనా, అదీ బాలింతంటే. ఇది అదేనా?"

"మరి ఏ వాసనంటావ్? చెప్పు" అని లాంతరు నా ముఖం మీదికి ఎత్తాడు.

నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. గుహ గుమ్మంలో ఉన్నాం. ఆ మాట అనకూడదు కదా!

అలా ఎవరూ అనలేదు. అనకూడదు కాబట్టి అనలేదు. అనలేదు కాబట్టి లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే జనం దాన్ని భక్తి అనుకున్నారు. గబ్బిలాలు ఒక్కటొక్కటే గుహ వదిలిపోయాయి. బిడ్డకు ఇక భయం లేదని తల్లి వాటికి సెలవిచ్చింది అన్నాడు లాంతరాయన. ఉగ్గుగిన్నెలో నురగ కట్టడం మొదలైంది. అప్పుడే పితికిన పాలు చూడండి, పొంగు చూడండి అన్నాడు. ఆ నురగను వేలితో తీసుకుని పిల్లల నుదుట రాసుకున్నవాళ్ళను ఈ కళ్ళతో చూశాను. నీళ్ళు ఎండాకాలంలో కూడా తగ్గకుండా ధార కట్టాయి. ఆ ఎండాకాలం మా ఇళ్ళ బావులన్నీ అడుగంటాయి, ఒక్క తల్లికే పాలు పొంగాయి! అప్పుడైనా నా బుర్రకు తట్టలేదు. నా నోట రోజూ నలిగే కథలోనే ఉంది సమాధానం. ముత్యం నోట్లో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

నా మనవరాలి సంగతి చెప్పాలి. నా కూతురు పోయాక దాన్ని నేనే పెంచాను. బట్టలు కుట్టే కొట్లో కాజాలు తీస్తుంది. మొగుడు లారీ మీద నెలలో సగం రోజులు ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. మొదటి కాన్పు దక్కలేదు. రెండోసారి ఆడపిల్ల. పిల్ల వాడిపోతున్న పువ్వులా ఉంటుంది. రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకుంటుంది, తాగినదాంట్లో సగం కక్కేస్తుంది. పుట్టినప్పటి బరువుకు ఇంకా చేరలేదు. ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, "కంగారు పడకు, రోజూ తెచ్చి చూపించు. నీ పాలు తప్ప ఇంకేమీ పట్టకు" అంది.

కంగారు పడకు అంటే పడకుండా ఉండే తల్లి ఎక్కడుంది?

"అమ్మమ్మా, ఒక్క చుక్క వేయిద్దాం. రేపు మావయ్య ఖాళీగా ఉంటానన్నాడు" అంది.

"డాక్టరమ్మ ఏం చెప్పిందే?"

"తల్లి పాలే పట్టమంది. అది తల్లి పాలు కాదా? నువ్వు చెప్పిన కథే కదా!"

నా మాట నాకే తగిలింది. పిల్ల కిందికి మెత్తటి పాతగుడ్డలు కావాలంటే, కోడల్ని అడిగి తెస్తానని కొండ మీదికి వెళ్ళాను. లాడ్జి దుప్పట్లు చిరిగితే కోడలు నాకే ఇస్తుంది.

కోడలు పెరట్లో ఉంది. తీగల మీద దుప్పట్లు ఆరుతున్నాయి. ఉతికే తొట్టెలోంచి సబ్బునీళ్ళు గట్టు మీద పరుగెడుతున్నాయి. ఆ నీళ్ళ వెంట ఊరికే చూపు పోయింది. నీళ్ళు వెళ్ళి ఒక లావుపాటి గొట్టంలో పడ్డాయి. లాడ్జి గోడ వెంట పైనుంచి దిగిన గొట్టాలన్నీ అదే గొట్టంలో కలిశాయి. ఆ గొట్టం రాళ్ళ మధ్య ఒక కన్నంలో తలదూర్చింది. చుట్టూ సిమెంటు పూశారు. సిమెంటు పగుళ్ళలోంచి నురగ బుసబుసమంటోంది. నేను చూస్తుండగానే పైన ఏ గదిలోనో ఎవరో గొలుసు లాగారు. గొట్టం గడగడమంది. గొంతులోంచి పెద్ద ముద్ద దిగినట్టు దిగింది.

కన్నం పక్కన రాయి నల్లగా ఉంది. వానలు ఎంత కడిగినా పోని నలుపు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నన్ను ఇక్కడికి తీసుకొచ్చి ఆ నలుపు మీద చెయ్యి పెట్టించింది. "తల్లి పొయ్యి మసే ఇది" అంది. నా కొడుకును నేను తీసుకొచ్చి వాడి చెయ్యీ పెట్టించాను.

"అత్తయ్యా, ఏమైంది? కూర్చోండి, కూర్చోండి" అని కోడలు పరుగెత్తుకొచ్చింది. గుడ్డలు ఇవ్వబోయింది. వద్దన్నాను. ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూశాక గుడ్డెందుకు!

నా కొడుకు కౌంటరు వెనక తాళంచెవులు మేకులకు తగిలిస్తున్నాడు.

"ఒరేయ్, పెరట్లో గొట్టం ఎక్కడికి పోతోంది?"

"ఏ గొట్టం?"

"నీకు తెలియని గొట్టం నీ లాడ్జిలో ఉందట్రా?"

చేతిలో తాళంచెవి మేకుకు అందలేదు. రెండుసార్లు జారింది. "మెల్లగా అమ్మా, గదుల్లో మనుషులున్నారు" అన్నాడు.

"ఉన్నారు కాబట్టే కదా కింద ఉగ్గుగిన్నె పొంగుతోంది!"

"ఇది కొండ కదమ్మా. గొయ్యి తవ్విద్దామంటే గుణపాలు వంగిపోయాయి. కన్నం ఎదురుగా ఉంది, అందులో పెట్టించాను. రాయి వడగట్టేస్తుంది. కిందికి దిగేసరికి శుభ్రమైపోతుంది."

"వడగట్టడానికి అది రాయి కాదురా, కన్నం. పొగే ఆగకుండా పైకి వచ్చిన కన్నం. నీకు తెలియదా? నా ఒళ్ళో పడుకుని, పొగ దగ్గరికి వచ్చేసరికి నువ్వే 'ఉఫ్' అని ఊదేవాడివి."

తల వంచుకున్నాడు. ఏమీ తెలియనివాడు చేస్తే పొరపాటు అనుకుందును. నా కథ విని పెరిగినవాడు ఆ కన్నం ఎక్కడికి దిగుతుందో ఎరగకుండా గొట్టం పెడతాడా?

"ఇంతమంది తాగుతున్నారు, ఎవరికేమైంది?" అన్నాడు.

"ఎవరికేమైందో నీకు వచ్చి చెబుతారా? కక్కుకుంటూ, విరోచనాలు పట్టుకుని ఇళ్ళకు పోతారు. రేపు నీ మేనకోడలు నీ చేతే దోసిలి పట్టించి, పిల్ల నాలుక మీద చుక్క వేయించబోతోంది."

అప్పుడు వాడి ముఖంలో నిజంగా భయం కనిపించింది. మనిషే, ఇంకా మనిషే అనుకున్నాను.

"వద్దమ్మా. ఆ పిల్లకు వద్దు. ఏదో ఒకటి చెప్పి ఆపు. రోజు మంచిది కాదని చెప్పు, జలుబు చేస్తుందని చెప్పు."

"మరి మిగతా పిల్లలు?"

"వాళ్ళ సంగతి మనకెందుకమ్మా?"

నాకు కడుపులో దేవింది. పెరట్లో గొట్టం దగ్గర దేవలేదు, నురగ చూసినప్పుడు దేవలేదు. నేను కన్న నోట్లోంచి ఆ మాట వచ్చినప్పుడు దేవింది. కౌంటరు మీద అద్దంలా తుడిచిన బల్ల, గాజు కూజాలో మంచినీళ్ళు, గోడకు తల్లి పటం. తాగమ్మా అని గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాడు. ముట్టుకోలేదు. దిగి వచ్చేశాను.

మనవరాలికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విన్నంతసేపూ పిల్ల వీపు నిమురుతూనే ఉంది.

"నీకు మొదట్నుంచీ ఆ లాడ్జి అంటే గిట్టదు" అంది.

"గిట్టకపోతే దుప్పట్లకు ఎందుకు పోతానే?"

"మావయ్య నన్ను భుజాల మీద మోసిన మనిషి. నా పిల్లకు అలాంటి నీళ్ళు పట్టనిస్తాడా?" కళ్ళు తుడుచుకుంది. "అమ్మమ్మా, నాకు ఇంకో దారి కనపడటం లేదు. దీన్ని ఎత్తుకున్నప్పుడల్లా మొదటిదాని బరువు గుర్తొస్తోంది. ఒక పని చేద్దాం. ముందు తాగాల్సింది మావయ్యే కదా! ఆయన దోసిలి తాగితే వేయిస్తాను. తాగనంటే పిల్లను తీసుకుని వచ్చేస్తాను. సరేనా?"

సరే అన్నాను. నా కొడుకు తాగడు. ఆ గొట్టం తన చేత్తో పెట్టించినవాడు తాగడు. ఆ నమ్మకంతోనే పొద్దున లేచాను.

పొద్దున్నే గుహ నిండిపోయింది. లాడ్జిలో స్నానాలు చేసి, తడి జుట్టుతో, ఉతికిన బట్టలతో వచ్చి నిలబడ్డారు. అందరి ఒంటి మీదా ఒకటే సబ్బు వాసన. వాళ్ళకంటే ముందే వాళ్ళ స్నానం నీళ్ళు దిగి వచ్చి, ఉగ్గుగిన్నెలో ఎదురుచూస్తున్నాయి. అడుగు వేస్తే నేల జిగటగా పాదాన్ని పట్టుకుని వదులుతోంది. గోడల మీద చెమ్మ పసుపు తిరిగింది. అంతమందిలో ఒక్క చెయ్యీ ముక్కు దాకా లేవలేదు. మూతులు కాస్త తెరిచి నోటితో గాలి పీలుస్తున్నారు, అంతే. ఒకరి నోరు ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు.

"దారి, దారి! లాడ్జివారి కుటుంబం!" అన్నాడు లాంతరాయన.

నా కొడుకు ముందుకు వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. నన్ను చూశాడు. ఆపమని చెప్పాను కదా అన్నట్టు చూశాడు. 

"పట్టు నాయనా, దోసిలి నిండా పట్టు" అన్నాను. వాడికి మాత్రమే వినపడేంత నెమ్మదిగా అన్నాను. "తాగలేకపోతే తాగలేనని చెప్పు. నీకు అమ్మను ఉన్నాను, పక్కనే ఉన్నాను."

వాడు ఉగ్గుగిన్నె వంక చూశాడు. వెనక్కి తిరిగి జనం వంక చూశాడు. వాళ్ళల్లో సగం మంది తాళంచెవులు వాడి చేత్తో అందుకున్నవాళ్ళే. వాడి మొహం మీదికి లాడ్జి కౌంటరు దగ్గరి నవ్వు వచ్చింది. వంగి, నురగ పక్కకు తోసి, దోసిలి నిండా పట్టి, ఎత్తి తాగాడు.

తాగాడండీ. పెదవులు తడుపుకుని వదలలేదు. గొంతుముడి పైకీ కిందికీ కదలడం చూశాను. కారినది మోచేతుల దాకా కారింది. మీసం మీద నురగ మిగిలింది.

"తియ్యగా ఉంది" అన్నాడు.

"తల్లీ! తల్లీ!" అంది జనం.

నేను కన్నది ఏమిటా అనిపించింది. పిరికితనంతో వెనక్కి తగ్గితే వాడిని కడుపులో పెట్టుకునేదాన్ని. ఆ దోసిలి చూశాక వాడిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"చూశావా అమ్మమ్మా?" అంది మనవరాలు. దాని ముఖం వెలిగిపోయింది. పాపం, ఎన్నాళ్ళకో వెలిగింది. పిల్లను ఎడమ చేతిలోకి మార్చుకుని, ఇంటి నుంచి తెచ్చిన చెంచా ఉగ్గుగిన్నెలో ముంచింది. నేను మాట ఇచ్చిన మనిషిని. ఏమని ఆపను? కాళ్ళు మాత్రం ముందుకు పడ్డాయి, పిల్లకూ చెంచాకూ మధ్య నిలబడాలని.

చెంచా పైకి వచ్చింది. దాని కాడకు చుట్టుకుని ఒక వెంట్రుక వచ్చింది. లాగేకొద్దీ వచ్చింది. చివర నాలుగైదు వెంట్రుకలు ముద్దగా చిక్కుపడి, ఆ చిక్కులో సబ్బు పెచ్చు ఒకటి అంటుకుని ఉంది.

లాంతరాయన మోకాళ్ళ మీద పడ్డాడు.

"తల్లి కురులు! తల్లి తలంటుకుంటోంది! చూడండి, చూడండి, తల్లి కురులు!"

ఇక చూడాలి. ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చారు. వెంట్రుకను కళ్ళకద్దుకున్నారు. ఒకాయన మెడకు ఆనించుకున్నాడు. ఒకామె కొస తెంపుకుని నాలుకకు తాకించుకుంది. ఎవరి తలదో, ఏ గదిలో దువ్వుకుంటే రాలిందో, ఏ తూములో ఎన్నాళ్ళు నానిందో.

నా మనవరాలు మాత్రం వెంట్రుకను వదల్లేదు. పగలంతా దారం పట్టుకునే చేతులు దానివి. రెండు వేళ్ళ మధ్య వెంట్రుకను పట్టి, లాంతరు వెలుగులోకి లాగి చూసింది. కుదురు దగ్గర నలుపు, ఆ తరవాత కొస దాకా రాగిరంగు.

"ఇది రంగేసిన జుట్టు" అంది. పెద్దగా అనలేదు. "మావయ్యా, ఇదెక్కడిది?"

వాడు దాని వంక చూడలేదు. నవ్వుతూ జనం వంకే చూస్తున్నాడు. ఒక్క ముక్క చెప్పినా, కనీసం అబద్ధమే చెప్పినా, ఆ పిల్ల నమ్మేదేమో. చెప్పలేదు. మీసం మీద నురగ పగిలి ఆరుతోంది.

మనవరాలు చెంచా వదిలేసింది. అది రాళ్ళ మీద గణగణమంటూ దొర్లింది. శాలువా కొస లాగి పిల్ల ముఖం మీద కప్పింది. మిగిలిన కొసతో, అంతమంది చూస్తుండగా, తన ముక్కు మూసుకుంది.

"ముక్కు! ముక్కు మూసింది!" అని లాంతరాయన అరిచాడు. "తియ్యి, తియ్యి! రాయైపోతావే పిల్లా!"

"రాయైనా ఇంతకంటే శుభ్రంగా ఉంటాను" అంది శాలువాలోంచి.

"పెద్దమ్మా, నువ్వైనా చెప్పు దానికి! కథ చెప్పేదానివి!"

చెబుదామనే నోరు తెరిచాను. ఆ గాలి నోట్లోకి వచ్చింది. ఎన్నేళ్ళుగానో ఎత్తని చెయ్యి ఎత్తాను. రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా పట్టుకున్నాను. 

"కంపు!" అన్నాను. "కంపయ్యా, లాంతరాయనా. దొడ్డి కంపు."

ముక్కు పట్టుకుని అన్న మాట కదా, బాతు అరిచినట్టు వచ్చింది. వెనక వరసలో ఎవరో చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. దాని తల్లి ఒక్కటేసింది. నేను మనవరాలి భుజం పట్టుకుని బయటికి నడిచాను. జనం మాకు తగలకుండా పక్కకు ఒదిగారు, అంటుకుంటుందని. పోతూ పోతూ ముక్కమ్మ వంక చూశాను. అన్నాళ్ళూ ఒక చెయ్యి వంపే చూశానేమో, రెండో వైపు రాయి కూడా వంగి ఉంది. దేన్నో ఒళ్ళో దాచుకున్నట్టు ఉంది. ఆవిడ కూడా ఏ బిడ్డను ఎత్తుకుని బయటికి పరిగెత్తబోయిందో ఎవరు చూశారు!

బయట అరుగు మీద మనవరాలిని కూర్చోబెట్టాను. సీసాలో ఇంటి నుంచి తెచ్చిన కాచిన నీళ్ళు ఉన్నాయి. దాని వేళ్ళు ఒకసారి, మళ్ళీ ఇంకోసారి, గోళ్ళ సందులు కూడా కడిగించాను. కడుగుతూనే ఏడ్చింది. "ఇంకెక్కడికి పోవాలి అమ్మమ్మా?" అంది. "ఆసుపత్రికి. రోజూ రమ్మంది కదా, రోజూ పోదాం. నేనూ వస్తాను" అన్నాను. పిల్ల ఏడుపు అందుకుంటే శాలువా చాటు చేసుకుని రొమ్ము ఇచ్చింది. రెండు గుక్కలు తాగి ఎప్పటిలాగే మొహం తిప్పేసుకుంది. అయినా నాకు ప్రాణం లేచి వచ్చింది. దాని నోట్లో పాల వాసన తప్ప మరేమీ లేదు.

గుహ పక్కన బండల వెనక నుంచి చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే నా కొడుకు. బండకు చెయ్యి ఆనించి కక్కుకుంటున్నాడు. తెల్ల చొక్కా ముందంతా పాడైపోయింది. జనం ముందు నవ్వుతూ నిలబడి, కనపడకుండా ఇక్కడికి వచ్చాడు. కక్కుతున్నవాడి నుదురు పట్టుకోవడం తల్లి పని. వాడి చిన్నప్పుడు జ్వరాల్లో ఎలా పట్టుకున్నానో అలాగే వెళ్ళి పట్టుకున్నాను. నుదురు చల్లగా, జిడ్డుగా ఉంది. వాడి నోట్లోంచి గుహ వాసనే వస్తోంది. ముక్కు పక్కకు తిప్పుకున్నాను గానీ చెయ్యి తియ్యలేదు.

"అయిపోయిందిలే, కక్కెయ్, మొత్తం కక్కెయ్" అన్నాను. "ఇవాళే మనుషుల్ని పెట్టి ఆ గొట్టం పీకించు. అడిగినవాళ్ళకు పొరపాటైందని చెప్పు. నేను నీ పక్కన నిలబడతాను. ఇద్దరం కలిసే తిట్లు తిందాం."

నోరు తుడుచుకున్నాడు. ఎర్రబడ్డ కళ్ళతో నా వంక చూశాడు. చెబుతాడనుకున్నాను.

"అమ్మా, జనానికి మాత్రం చెప్పకే" అన్నాడు. "వెంట్రుక సంగతి అప్పుడే బయటికి పాకింది. పైన గదులన్నీ నిండిపోతున్నాయి."

నుదుటి మీంచి చెయ్యి తీసేశాను. వాడు ముందుకు తూలి బండను పట్టుకున్నాడు. మళ్ళీ వాంతి వచ్చింది వాడికి. ఈసారి పట్టుకోలేదు. సీసాలో మిగిలిన నీళ్ళతో నా చెయ్యి కడుక్కున్నాను. కడిగినా అరచేతిలో ఆ జిడ్డు ఉన్నట్టే ఉంది.

అరుగు దగ్గరికి వచ్చేసరికి వరస దారి మలుపు దాకా పెరిగింది. తల్లి కురులు దొరికాయట అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. చంకల్లో పిల్లలు. మేం ముక్కు మూసిన సంగతి మాత్రం ఇంకా బయటికి అందలేదు. అరుగు ముందు నిలబడ్డ ఒకామె, ఒళ్ళో పసిగుడ్డుతో, నన్ను చూసి చోటిచ్చింది.

"అవ్వా, కథ చెబుతావట కదా? చెప్పవా, ఎండలో పొద్దు పోవడం లేదు."

కూర్చున్నాను. వానలు లేని ఊరి దగ్గర మొదలుపెట్టాను. పెద్దమనిషి దుర్బుద్ధి చెప్పాను. గబ్బిలాలు చెప్పాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. చలికి తల్లి పుల్లలు అంటించింది, పొగ కన్నంలోంచి పైకి పాకింది అన్నాను. ఎప్పుడూ అక్కడ 'ఉఫ్' అని ఊదుతాను. ఇప్పుడు ఊదలేదు.

"ఆగిపోయావేం అవ్వా? ఆ కన్నం ఇప్పటికీ ఉందా?"

"ఉందమ్మా. ఎక్కడికి పోతుంది? అదిగో, పైన లాడ్జి పెరట్లో, దుప్పట్లు ఆరేసే తీగల వెనక. అందులో ఇప్పుడు లాడ్జి దొడ్ల గొట్టం దిగి ఉంది. పొగ పైకి వచ్చిన దారినే అదంతా కిందికి, ఉగ్గుగిన్నెలోకి దిగుతోంది. ఆ లాడ్జి నా కన్నకొడుకుది."

వరస గొల్లుమంది. ముసలిదానికి మతి పోయిందన్నారు కొందరు. ఒకాయన నన్ను తిట్టి, పిల్లాడిని రెక్క పట్టుకుని గబగబా లోపలికి లాక్కుపోయాడు. పసిగుడ్డు తల్లి మాత్రం కదల్లేదు. నా ముఖమే చూస్తోంది. తరవాత పక్కన తిరిగి పైకి, తీగల మీద ఎగురుతున్న దుప్పట్ల వంక చూసింది.

"నా మాట నమ్మొద్దు తల్లీ" అన్నాను. "వెళ్ళి కళ్ళారా చూసిరా. పిల్లను నా మనవరాలికి ఇచ్చి, ముక్కు మూసుకుని వెళ్ళు."